చీమలు కుట్టిన మచ్చలు

ఆ ఇంట్లో పొద్దున్నే టీ కంటే ముందు ప్రశ్నలు మరిగేవి. ఇంట్లో అమ్మాయికి పదిహేనేళ్ళు. ఎందుకు, ఎలా, ఎవరు చెప్పారు అని అడగకుండా గ్లాసెడు పాలు కూడా తాగదు. ఆ బుద్ధి తల్లి నుంచే వచ్చిందని నాయనమ్మ తీర్మానం. తల్లి పసిపిల్లల డాక్టరు. సగం రోజు నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి వైద్యం చేస్తుంది, మిగతా సగం ఆ వైద్యం నిజంగా పనిచేస్తోందా అని పరిశోధన చేస్తుంది. "మందు ఇచ్చేదీ తనే, దాన్ని అనుమానించేదీ తనే. ఇదేం ఉద్యోగమో!" అని అత్తగారు నవ్వుతుండేది.

ఆ పొద్దున అమ్మాయి మర్నాటి పోటీ కోసం కొన్న ఈతదుస్తులు వేసుకుని, తిన్నగా వచ్చి నాయనమ్మ ముందు నిలబడింది.

"నాయనమ్మా, నా తొడల మీద ఈ మచ్చలు ఎక్కడివి?"

"ఎన్నిసార్లు చెప్పాలే? నువ్వు పుట్టినప్పుడు పంచదార మూటలా ఉన్నావని చీమలు కుట్టాయి."

"చీమ కుడితే ఇన్నేళ్ళు మచ్చ ఉండదని మా సైన్సు టీచరు చెప్పింది. పైగా రెండు కాళ్ళ మీదా ఒకే చోట, వరసగా! అంత క్రమశిక్షణ ఉన్న చీమలా?"

నాయనమ్మ కోడలి వైపు చూసింది. రొట్టెకి వెన్న రాస్తున్న కోడలు ఆగిపోయింది. తండ్రి పేపరెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ముగ్గురూ ఒకేసారి నోరు మూసుకుంటే ఆ పిల్లకి ఇంకేం కావాలి!

"ఇంజెక్షన్లు," అంది తల్లి చివరికి. "నెలలు నిండకుండా పుట్టావు కదా. అప్పుడు వేసినవి."

"ఇంతోటిదానికి చీమలెందుకు?"

"మీ అమ్మ ప్రయోగం కదే అదీ!" నాయనమ్మ నోరు జారింది. "పెద్దయ్యాక నువ్వడిగితే ఏం చెప్పాలో తెలీక ఏడ్చేది. చూడలేక చీమల్ని నేనే తెచ్చాను."

"ప్రయోగమా? నా మీదా?"

తల్లి ఇక దాచలేదు. ఆ రోజుల్లో ఊపిరితిత్తులు బలపడతాయని, అలా పుట్టిన ప్రతి బిడ్డకీ రోజు విడిచి రోజు తొడకి ఒక ఇంజెక్షన్ వేసేవారు. ఇది నిజంగా పనిచేస్తోందా అని నిలదీసింది ఆమే. అప్పటికి ఆ వార్డులో అందరికంటే చిన్న డాక్టరు. పెద్దలు విసుక్కున్నారు, చివరికి సరే అన్నారు. తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లల్లో సగం మందికి మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడుతోందో వేసే నర్సుకీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. అది నడుస్తుండగానే ఆమెకి నెలలు నిండకుండా కాన్పయింది.

"అయితే నన్నూ అందులో పడేశావా?"

"చేర్చాం. నేనూ, నాన్నా."

"మా అమ్మాయికి వద్దు అని ఒక్క మాట అనలేకపోయావా?"

"అన్నా ఆ సూదులు తప్పేవి కావు, అప్పుడు అందరికీ వేసేవాళ్ళు. అయినా పక్క మంచం మీది తల్లిని ఒప్పించింది నేనే కదా. నా బిడ్డ దాకా వచ్చేసరికి వద్దంటే, ఆవిడ ముఖం ఎలా చూడను?"

"ఆవిడ ముఖం చూశావు. నా ముఖం చూడలేదు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అమ్మాయి గదిలోకి వెళ్ళి ధడాలున తలుపేసుకుంది. రేపు పోటీకి పోనని, ఇంకెప్పుడూ నీళ్ళలో దిగనని లోపలినుంచే ప్రకటించింది. తల్లి తలుపు దగ్గర కాసేపు నిలబడి, రొట్టె కూడా తినకుండా ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

కోపం మధ్యాహ్నం దాకా బాగానే నిలిచింది. కానీ ఒక ప్రశ్న మాత్రం లోపల గిలగిల్లాడుతూనే ఉంది. చివరికి అమ్మాయి పొడుగు ప్యాంటు వేసుకుని, బస్సెక్కి, ఆసుపత్రిలో తల్లి గది తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"నీతో మాట్లాడ్డానికి రాలేదు. ఫలితం ఏమొచ్చిందో చెప్పు, వెళ్ళిపోతాను."

"ఏమీ రాలేదు. మందు పడినవాళ్ళూ, ఉప్పునీళ్ళు పడినవాళ్ళూ ఒకేలా ఉన్నారు. మందు పనిచేయలేదు. ఇక్కడ నన్ను చాలాకాలం సున్నా డాక్టరమ్మ అని ఏడిపించారు."

"అంటే నన్ను ఊరికే పొడిపించావన్నమాట!"

తల్లి లేచింది. "చేతులు కడుక్కో. మోచేతుల దాకా. కడిగాక ముఖం తాకకూడదు."

వార్డులో అద్దాల పెట్టెలో ఒక పాప పడుకుని ఉంది. కాలు వేలంత లావు కూడా లేదు. అమ్మాయి వంగి ఆ తొడలు చూసింది. అటూ ఇటూ తిరిగి మళ్ళీ చూసింది.

"మచ్చలేవీ?"

"ఆ ఇంజెక్షన్ ఇప్పుడు వేయడం లేదు. పనిచేయదని తేలాక మానేశాం. మమ్మల్ని చూసి ఇంకా చాలాచోట్ల మానేశారు."

అమ్మాయి తల తిప్పి తల్లిని చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "నాకు పడింది మందా, ఉప్పునీళ్ళా?"

"తెలీదు. నేనెప్పుడూ అడగలేదు. మందు మంచిదని తేలి, నీకు ఉప్పునీళ్ళు పడుంటే? ఫలితం వచ్చేదాకా నీ పక్కనే కూర్చుని నీ ఊపిరి వింటూ ఉండేదాన్ని. భయంతో చచ్చిపోయానే."

"ఇవన్నీ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాల్సింది. చీమల వెనకాల దాక్కున్నాను."

అంతలో ఒక నర్సు చక్రాల కుర్చీలో ఆ పాప తల్లిని తోసుకొచ్చింది. నిన్ననే కాన్పయిన మనిషి, ముఖం పీక్కుపోయి ఉంది. పాపని చూసి భయంభయంగా అడిగింది. "డాక్టరమ్మా, ఊపిరితిత్తులకి ఏదో ఇంజెక్షన్ వేస్తారట కదా? మా పెద్దమ్మ చెప్పింది. మా పాపకి ఎందుకు వేయడం లేదు?"

డాక్టరు నోరు తెరిచేలోపే అమ్మాయి అందుకుంది.

"అవసరం లేదండీ. వేసి చూశారు. దానివల్ల ఉపయోగం ఏమీ లేదని తేలింది."

"వేసి చూశారా? ఎవరికి?"

"నాకండీ. నేనూ ఇలాంటి పెట్టెలోనే ఉన్నాను."

ఆవిడ పెట్టెలో ఉన్న పాపని చూసింది. తలెత్తి అమ్మాయిని కాళ్ళ నుంచి తలదాకా చూసింది. ముఖంలోకి ఒక్కసారిగా కళ వచ్చింది.

"ఇంత పొడుగు పెరుగుతారా?"

"ఈత కూడా కొడతారండీ," అంది అమ్మాయి. "రేపు నాకు పోటీ ఉంది."

కడిగిన చేతులతో ముఖం తాకకూడదు. అందుకే డాక్టరమ్మ తన కన్నీళ్ళని తుడుచుకోకుండా అలాగే కారనిచ్చింది.