మొదటి వరుస, ఎడమ నుంచి నాలుగు

తన ఫోటో చూసి పంతులమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

పాత విద్యార్థులు కలుసుకుంటున్న హాలు చివర బల్ల మీద మూడు ఫోటోలున్నాయి. వాటి పైన అట్ట మీద పెద్ద అక్షరాలు: "మనల్ని విడిచి వెళ్ళిన మిత్రులు." మొదటి రెండూ అబ్బాయిలవి. మూడోది తనది. రెండు జడలు, మాట వినని ముంగురులు, నవ్వు ఆపుకుంటున్న మూతి. ముందు గాజు గ్లాసులో తెల్లపూలు.

బయట వాన. చేతిలో గొడుగు నీళ్ళు కారుతోంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, నిక్షేపంగా బతికుండి, తన సంతాపానికి తానే తడిచెప్పులతో వచ్చింది.

"రా రా పంతులమ్మా!" లీడర్ ఎదురొచ్చాడు. పదో తరగతిలో అతను క్లాస్ లీడర్. ఇప్పుడు జుట్టు పోయింది, పెత్తనం పోలేదు. ఆమెకు ఆ పేరు పెట్టింది కూడా అతనే, అందరికీ లెక్కలు చెప్పేదని. తర్వాత ఆమె నిజంగానే లెక్కల టీచరైంది. "నలభై రెండేళ్ళు! ఏం మారలేదు నువ్వు."

"మారలేదా? పోయానట కదా!"

లీడర్ ఆమె చూపిన వైపు చూసి నవ్వాడు. "అది నువ్వు కాదే. గువ్వ."

పంతులమ్మ మళ్ళీ ఫోటో వైపు చూసింది.

"నీకు తెలీదా? నాలుగు నెలలైంది. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిందట. ఇంటికి రాలేదు." అతని గొంతు తగ్గింది. "మీ ఇద్దరిదీ ఒకే బెంచీ కదా. నీకు తెలిసే ఉంటుందనుకున్నా."

ఆమె గొడుగు పిడిని గట్టిగా పట్టుకుంది. నెమ్మదిగా అంది, "ఫోటోలో ఉన్నది మాత్రం నేను."

"ఎలా అవుతుంది? గ్రూప్ ఫోటో వెనక డ్రాయింగ్ మాష్టారు రాసిన లిస్టుంది. గువ్వ, మొదటి వరుస, ఎడమ నుంచి నాలుగు. స్టూడియోకిచ్చి ఆ ముఖాన్నే పెద్దది చేయించా." అతను బల్లనీ, ఆమెనీ మార్చి మార్చి చూశాడు. ముఖం పాలిపోయింది. "అయ్యయ్యో! రెండు జడలేసుకున్న వాళ్ళంతా నాకు ఒక్కలాగే ఉండేవాళ్ళు. పొద్దుట్నుంచీ ఇరవై మంది చూశారు, ఒక్కడూ చెప్పలేదు! ఉండు, మైకు సంగతి చూసొచ్చి తీసేస్తా."

అతను పరుగెత్తాడు. ఆమె కిటికీ పక్క కుర్చీలో కూలబడింది.

హ్యాండ్‌బ్యాగులో ఒక వృత్తలేఖిని ఉంది. గువ్వది. ఆఖరి పరీక్షకు తనే అడిగి తీసుకుంది, తిరిగివ్వలేదు. ఇవాళ దాన్ని చేతిలో పెట్టి, "తప్పు నాదే" అని ఒక్క మాట అనాలని వచ్చింది. ఆ ఒక్క మాట కోసం బస్సులో ఐదు గంటలు కూర్చుంది.

ఫోటో తీసిన రోజు లిస్టు రాసేశాక, ఫోటోగ్రాఫర్ చెయ్యెత్తగానే, గువ్వ ఆమెను మోచేత్తో పొడిచింది.

"లే. నా చోట్లో కూర్చో."

"ఎందుకే?"

"సరిగ్గా వెనక పొడుగు నిలబడ్డాడు. వాడు నిన్నే చూస్తాడే, ఒట్టు."

పొడుగంటే క్లాసులో అందరికంటే ఎత్తైనవాడు, అందరికంటే తక్కువ మాట్లాడేవాడు. ఆఖరి పరీక్ష రోజు వాన పట్టుకుంది. గువ్వ వెనక నుంచి తోస్తుంటే పంతులమ్మ గుండె చిక్కబట్టుకుని అతని దగ్గరికెళ్ళి, "గొడుగులోకి వస్తావా?" అంది. అతను "పర్లేదు" అనేసి వానలో నడిచిపోయాడు. గేటు దగ్గర అమ్మాయిలు పగలబడి నవ్వారు.

"నీ అబద్ధాలతో నన్ను నవ్వులపాలు చేశావు. ఇంకెప్పుడూ నాతో మాట్లాడకు" అంది గువ్వతో. గువ్వ బంగారం లాంటి పిల్ల. చెప్పిన మాట విన్నది.

ఎవరో పొడవాటి మనిషి ఆమె ముందు నుంచే బల్ల వైపు వెళ్ళాడు. నెరిసిన తల నిండా వాన చినుకులు. రెండు ఫోటోలు దాటి మూడోదాని ముందు ఆగాడు. చేతిలో సంచీ జారి కింద పడింది. తీయలేదు.

ఫోటో కింద చీటీలో గువ్వ పేరుంది. అతను జేబులు తడుముకున్నాడు, కళ్ళద్దాల కోసం కాబోలు, దొరకలేదు. వంగి మళ్ళీ ఆ ముఖాన్నే చూశాడు.

"పంతులమ్మా," అన్నాడు మెల్లగా. "నువ్వా?"

పంతులమ్మ కుర్చీలో ముందుకు వంగింది. నేనిక్కడున్నానని చెప్పాలి. ఈలోపే అతను మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఇవాళ చెబుదామనుకున్నా," అన్నాడు అతను ఫోటోతో. "ఆ రోజు పర్లేదన్నాను కదా. భయమేసింది. మూల తిరిగాక వెనక్కొచ్చాను. నువ్వు వెళ్ళిపోయావు. గువ్వ ఒక్కతే ఏడుస్తూ నిలబడుంది. 'ఏడిశావులే, ఇప్పుడొచ్చావా' అని తిట్టింది."

పంతులమ్మ లేచి నిలబడింది.

"వెనక్కొచ్చావా?"

అతను గిరుక్కున తిరిగాడు. ఆమెను చూశాడు. ఫోటోను చూశాడు. బల్ల పట్టుకుని, ఆపైన కుర్చీ పట్టుకుని, చివరికి కూర్చున్నాడు.

"నువ్వు... అది..."

"అది నేనే. పోయింది గువ్వ. చీటీ చదువు."

"అద్దాలు మర్చిపోయాను."

"ఏం పని చేస్తావు?"

"కళ్ళద్దాల షాపు."

నవ్వొచ్చింది పంతులమ్మకు. ఆ వెంటే ఏడుపొచ్చింది. రెండూ కలిసి వస్తే ఏది ఆపాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఎదురుగా కూర్చుని, ఆమె తేరుకునేదాకా ఉన్నాడు.

"నాకు కబురు చేయలేదేం?" అంది ఆఖరికి.

"మరునాడే మీ ఇంటికెళ్ళా. తాళం. మీ నాన్నగారికి బదిలీ అయిందన్నారు. ఆ తర్వాత నీ పెళ్ళన్నారు."

"మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. కూతురే బలవంతాన బస్సెక్కించింది. మీ ఇంట్లో?"

"ఆవిడ పోయి ఆరేళ్ళు. ఇప్పుడు ఇంట్లో నేనూ, గోడగడియారం. అదే ఎక్కువ మాట్లాడుతుంది."

లీడర్ చేతిలో కత్తెరతో వచ్చాడు. "తీసేస్తున్నా పంతులమ్మా, క్షమించు. గ్రూప్ ఫోటోలో గువ్వ ఎక్కడుందో చూపించు."

"ఎడమ నుంచి ఐదు. నా చోట్లో." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇరవై మంది చూసినా ఎవరూ గుర్తుపట్టలేదన్నావు కదా. ఈయన అద్దాల్లేకుండానే గుర్తుపట్టాడు."

లీడర్ ఇద్దరినీ తేరిపార చూసి కత్తెర జేబులో పెట్టుకున్నాడు. "నేను టీ సంగతి చూసొస్తా," అని జారుకున్నాడు.

పంతులమ్మ వృత్తలేఖిని తీసి పూల గ్లాసు పక్కన పెట్టింది. "నువ్వు అబద్ధం చెప్పలేదే," అంది. "తప్పు నాదే."

సాయంత్రం అందరూ వెళ్ళేవేళకు కూడా వాన తగ్గలేదు. గేటు దగ్గర ఆమె గొడుగు విప్పింది. పొడుగు పక్కన నిలబడి ఆకాశం చూస్తున్నాడు.

"గొడుగులోకి వస్తావా?"

"పర్..." అని నాలుక కరుచుకున్నాడు. తల వంచి గొడుగు కిందికి వచ్చాడు. ఎంత వంచినా అతని తల గొడుగు బట్టకు తగులుతూనే ఉంది.

"ఇటివ్వు, నేను పట్టుకుంటా," అన్నాడు.

ఆమె ఇచ్చింది.