బావ చేతి ఎర్ర తాడు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను. మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను.

రేవు చివర రేకుల షెడ్డుంది చూశారూ... దీపాలు పెట్టే వేళ దాటాక అటు ఎవరూ పోరు. ఆగిపోయిన మోటారు లోపల దగ్గుతుందని చెప్పుకునేవాళ్లు. అది మా బావ పడవ మోటారు. తొమ్మిదేళ్ల కిందట పడవ ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. బావ రాలేదు.

ఆ మోటారుకో ఎర్ర తాడుంటుంది. ఒక కొస నడిపేవాడి మణికట్టుకి. రెండో కొసన క్లిప్పు... అది మోటారు ఆపే బటను కింద దూరుతుంది. మనిషి నీళ్లలో పడ్డాడా, తాడు బిగిసి, క్లిప్పు ఊడి, మోటారు చచ్చినట్టు ఆగుతుంది. పడవ తిరిగొచ్చినప్పుడు ఆ తాడు లేదు.

“తాడుతో సహా పడిపోయాడు,” అన్నారు అందరూ.

“మీ మొహం. ఆ పొద్దున నామీద అలిగి అవతలి ఒడ్డున దిగిపోయారు. బండి తాళం జేబులో వేసుకున్నట్టు తాడు వేసుకెళ్లారు. పడవ సరిగ్గా కట్టి ఉండరు, కొట్టుకొచ్చింది,” అనేది అక్క. తొమ్మిదేళ్లు, రోజూ సాయంత్రం, రేవు మీద లాంతరు కట్టింది.

ఒకరోజు నన్ను పిలిచింది. “ఒరే, ఆ మోటారు బాగుచెయ్యి. ఎవరి పడవ అడిగినా జాలిగా చూస్తున్నారు. నేనే వెళ్లి వెతుక్కుంటాను.”

మోటార్ల దగ్గర నేనెవర్నో మీకు తెలుసు. సముద్రం అడుగున మూడు నెలలు పడున్న ఇంజన్ని నోటితో ఊది నడిపించినవాణ్ణి. కార్బురేటర్ విప్పాను. బంకలా పేరుకున్న పాత పెట్రోలు కడిగాను. కొత్త ప్లగ్గు బిగించి, వేడెక్కకుండా మోటారు కిందిభాగాన్ని నీళ్ల డ్రమ్ములోకి దించి, స్టార్టర్ లాగాను. వందసార్లు లాగాను. నూటయాభై అనుకోండి. దగ్గు కూడా లేదు.

“గొప్పలు తప్ప నీకేం రావు రా,” అంది అక్క.

అప్పుడు చూశాను — బటను కింద క్లిప్పే లేదు. క్లిప్పు లేనిదే నిప్పురవ్వ పుట్టదు. పనిలో చేరిన మొదటిరోజు నేర్పే సంగతి. ఇంతటివాణ్ణి, మర్చిపోయాను.

“ఉండవే, దాని బదులు వైరు చుడతాను.”

చీకటి పడింది. టూల్‌బాక్స్ మీదికి వంగాను. వైరు చేతికి తగిలిందో లేదో...

మోటారు అందుకుంది.

స్టార్టర్ ఎవరూ లాగలేదు. మెల్లగా తల తిప్పాను. బటను కింద క్లిప్పు ఉంది. దానికి ఎర్ర తాడు — నాచు పట్టి, నీళ్లు కారుతూ. రెండో కొస గాలిలో, నడుమెత్తున, మణికట్టంత గుండ్రంగా బిగిసి ఉంది.

“వచ్చారా...” అంది అక్క గుసగుసగా.

చెయ్యి చాచింది. అందలేదు. తాడు తలుపు వైపు సాగింది... నీళ్ల వైపు... ఇంకా సాగింది... బిగిసింది...

టక్.

మోటారు ఆగిపోయింది. తాడు లేదు. నేల మీద తడి, తలుపు దాకా.



“అయితే జేబులో వేసుకెళ్లలేదన్నమాట,” అంది అక్క. ఏడవలేదు. రేవు మీదికి నడిచి, లాంతరు దించి, ఊదేసింది. మళ్లీ కట్టలేదు.

నమ్మకం కుదరలేదా? నన్ను వదిలేయండి, నేనెలాగూ కోతలరాయుణ్ణి. రేవు వాచ్‌మన్ని అడగండి. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు చెవులూ పోయినవాడు, పక్కన పిడుగు పడ్డా తిరిగి చూడడు. ఆ సాయంత్రం రేవంతటికీ ఆ మోటారు చప్పుడు విని పరుగెత్తుకొచ్చింది వాడొక్కడే. అప్పట్నుంచి ఊళ్లో వాడి పేరు రేడియో; ఆ పేరు చెబితే ఎవరైనా చూపిస్తారు.