కిషన్ రావు గారి కొత్త పడకగది

"నా జాగ దాటి ఒక్క ఇటుక పెట్టను. పెడితే చెప్పుతోని కొట్టుండ్రి."

పోయిన దసరానాడు చేతిలో జమ్మి ఆకు పెట్టుకొని, వాడంతా వింటుండగా కిషన్ రావు గారు అన్న మాట ఇది. సంక్రాంతికల్లా ఇటుకలు దాటాయి. చెప్పులు మాత్రం ఎవరి కాళ్లకు వాళ్లకే ఉన్నాయి.

అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి వైపు దిగే సందులో ఆ ఇల్లు. దాని వెనక పోర్షన్ పేరెత్తితే ఇప్పుడు రిక్షావాడు కూడా అదోలా చూస్తాడు. అందులో పడకగది ఉంది... పడుకోవడానికే వీల్లేదు.

ఒకప్పుడు అది ఒంటిగది. ఒంటిగదులకు బ్రహ్మచారులు వస్తారు, బ్రహ్మచారులు ఊరేగింపులకు పోతారు. సంసారులైతే నోరు మూసుకుని పడి ఉంటారని కిషన్ రావు గారి సిద్ధాంతం. అందుకని వెనక గోడ పడగొట్టి, ఇంకా వెనక్కి జరిపి కట్టి, పైన రేకులు పరిచి, నడుమ అడ్డుగోడ లేపారు. అయిపోయింది. ఒంటిగది కాస్తా పడకగది ఉన్న ఇల్లయింది.

మొదట దిగినవాళ్లు పందొమ్మిది రోజులకే అంబర్‌పేట్ పోయారు. రెండోవాళ్లు ఎక్కడికి పోతున్నారో కూడా చెప్పలేదు.

"ఆడ ఎనకట ఒక ఆడమనిషి సచ్చిందట" అని పాన్‌డబ్బా దగ్గర కిషన్ రావు గారే చెప్పేవారు. సొంత ఇంటికి సొంత నోటితో దెయ్యాన్ని అంటగట్టే యజమానిని నేను ఎక్కడా చూడలేదు. ఎందుకో తరువాత తెలిసింది.

జూన్‌లో ధర్మారావు, హైమవతి వచ్చారు. ఆయన ఏలూరు వైపు నుంచి వచ్చిన గుమాస్తా. ఆమెకు ఆరో నెల. తల్లి లేదు, పుట్టింటికి పోయే దారి లేదు. పురుడు ఇక్కడే పోసుకోవాలి, అందుకు విడిగా ఒక గది కావాలి. హైదర్‌గూడ అంతా తిరిగారు. ఆంధ్రావాళ్లకు ఇచ్చేది లేదన్నారు. ఈ గది దొరికింది — దెయ్యానికి ఆ పట్టింపు లేదు కాబట్టి.

"వెనకవైపు ఒక కిటికీ పెట్టించండి, గాలాడదు" అన్నాడు ధర్మారావు.

"ఆ దిక్కు కిటికీ మంచిది కాదు సార్. కడుపుతోని ఉన్న మనిషాయె... జర ఆలోచించుండ్రి."

తరువాతి సంగతి వాళ్లు నాకు చెప్పినట్టే చెబుతాను.

నాలుగో రోజు. తెల్లవారుజామున నాలుగు గంటలు...

గర్ర్... గర్ర్...

ఇనుముతో గోడను గీరుతున్న చప్పుడు. సరిగ్గా మంచమెత్తున. తలవైపు మొదలై కాళ్లవైపు పోతోంది. ఆగుతోంది... ఒక బరువైన ఊపిరి... మళ్లీ గర్ర్... వెంట ఒక కుళ్లు వాసన.

"విన్నారా?"

"పిల్లి."

"పిల్లి రొప్పుతుందా అండీ?"

వెనక ఉన్నది పక్కింటి గోడ. గోడకూ గోడకూ నడుమ ఏముంటుంది?

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. హైమవతికి నిద్ర కరువైంది. ఇలాగే ఉంటే బిడ్డకు ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. ధర్మారావు గుమ్మానికి నిమ్మకాయలు కట్టాడు. అదే ఇంటి మేడమీద గదిలో ఉండే నేను నవ్వాను. "దెయ్యాలు లేవండీ, వర్గాలే ఉన్నాయి" అని మెట్ల మీద నిలబడి ఉపన్యాసం కూడా ఇచ్చాను. దిగి వెళ్లి చూడలేదు.

ఆగస్టు చివర... ముసురు. ఆ తెల్లవారుజామున గీరుడు సగం దాకా వచ్చి — ఆగిపోయింది.

చాలాసేపు ఏమీ లేదు. రేకుల మీద వాన ఒక్కటే.

తరువాత, హైమవతి దిండు పక్కన, గోడలోంచి — టప్... టప్...

"అమ్మా..."

ధర్మారావు ఆమె నోరు మూశాడు. "పలకకు! మూడోసారి పిలిచేదాకా పలకకూడదు."

"అమ్మా... జర సూడుండ్రి..."

"రెండు" అన్నాడు ఆయన.

"అమ్మా..."

మూడు కూడా అయింది. ఆయన దుప్పటి ముసుగు పెట్టాడు. నాలుగోసారి ఆ గొంతు సన్నగా, ఏడుపులా వచ్చింది. హైమవతి ఆయన చెయ్యి తోసేసి గోడకు నోరు ఆనించింది.

"ఎవరు నువ్వు?"

"ఆశమ్మను..."

"ఏ ఆశమ్మవి?"

"మీ పాయఖాన ఎత్తేదాన్నమ్మా."

లాంతరు పట్టుకుని ఆమే చుట్టూ తిరిగి వెళ్లింది. కొత్త గోడకూ పక్కింటి గోడకూ నడుమ అడుగున్నర సందు. అక్కడ అంతకుముందు ఉన్నది సఫాయి గల్లీ. వరసలోని తొమ్మిది ఇళ్ల పాయఖానాలకు అదొక్కటే దారి. కిషన్ రావు గారు దాన్ని పడకగదిలో కలుపుకుని, దయతలచి ఈ చీలిక వదిలారు. ఆశమ్మ రోజూ తెల్లవారకముందు అందులోంచి పక్కవాటుగా, నిండు డబ్బాను గోడకు రాసుకుంటూ పోతోంది. ఒక్క పూట మానితే తొమ్మిది ఇళ్ల పనీ పోతుంది. ఆ రోజు తడికి జారి, డబ్బాకూ గోడకూ నడుమ చెయ్యి ఇరుక్కుంది.

ఆమె భర్త దాసయ్య వచ్చి రెండు గంటలు తంటాలు పడి బయటికి లాగాడు. మోచెయ్యి విరిగింది. హైమవతి తన గ్లాసుతోనే నీళ్లిచ్చింది. ధర్మారావు ఆ గ్లాసు వైపు చూసి, తల తిప్పుకున్నాడు.

కిషన్ రావు గారు వేపపుల్ల నములుతూ విచ్చేశారు.

"గింతదానికే పరేషానా? ఆశమ్మ జర లావు. దాసయ్య సన్నగుంటడు, పడతడు. రేపటి సంది నువ్వే రా దాసయ్యా."

దెయ్యం ఎందుకు పుట్టిందో అప్పుడు తెలిసింది. దెయ్యమున్న గోడ వెనక్కి ఎవరూ తొంగి చూడరు. గల్లీ మింగిన సంగతి బయటపడదు.

ఊళ్లో గోడలన్నిటి మీదా మనం ఒకరినొకరు పొమ్మని రాసుకుంటున్నాం. ఈ ఇంట్లో మాత్రం తెలంగాణ యజమానీ, ఆంధ్ర కిరాయిదారూ, నారాయణగూడ చౌరస్తాలో పీడితుల కోసం గొంతు చించుకునే నేనూ — ముగ్గురం ఏకమయ్యాం. రెండేళ్లుగా రోజూ ఆ పాయఖానాకు పోతున్నాను. అది ఎవరు ఎత్తుతున్నారని ఒక్కనాడూ అడగలేదు. థూ!

మర్నాడు నాలుగు గంటలకు నేనూ విన్నాను. గర్ర్... గర్ర్... దాసయ్య పడుతున్నాడు.

గోడ కూల్చాలని కాగితం రాసి సంతకాలకు తీసుకెళ్లాను. ధర్మారావు గుమ్మంలోనే ఆపాడు. "గోడ పోతే మా గది పోతుందండీ. వచ్చే నెలే పురుడు. కాస్త ఆగకూడదూ?"

లోపలినుంచి హైమవతి వచ్చి కాగితం తీసుకుంది.

"ఒంటిగదిలోనే కంటాను. ఆ మనిషి గోడ గీరుకుంటూ పోతుంటే, ఇవతల బిడ్డకు జోల పాడమంటారా?"

మొదటి సంతకం ఆమెది. రెండోది నాది. ధర్మారావు ఇంకా ఆలోచిస్తున్నాడు.

కిషన్ రావు గారూ, మీ పడకగది వెనక గోడ తీసి గల్లీ వదులుతారా, లేదా? ఔనో కాదో, జవాబు మాకు కాగితం మీద కావాలి. గడువు: 1969 సెప్టెంబరు 15, సోమవారం.