స్వాధీనం

రాజోలు సెంటర్లో ఆటో దిగేసరికి మబ్బు పట్టింది. ప్రసన్నకుమారి రెండు సంచులూ, చుట్టిన చాపా పట్టుకుని కాలవగట్టు వెంట మేనత్త ఇంటికి నడిచింది.

సుందరి అత్త పోయి నెల కాలేదు. జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు లాయరు ఎబినేజర్ గారు వీలునామా చదివి వినిపించేరు. లంకలో కొబ్బరితోట ప్రసన్నకి. ఇల్లు చెల్లెలు ఝాన్సీకి.

తోట తక్కువదేం కాదు. అయినా ఆ రోజునించీ ప్రసన్నకి అన్నం సయించలేదు. అమ్మా నాన్నా పోయిన ఆడపిల్లలిద్దర్నీ పిల్లల్లేని ఆ అత్తే పెంచింది. ఝాన్సీ తెల్లగా, పొడుగ్గా ఉంటుంది. నవ్వితే ఎంతటివాళ్లయినా కరిగిపోతారు. నర్సు చదివి కువైట్ వెళ్లిపోయింది. ప్రసన్న చామనచాయ, పొట్టి, మాట కటువు. అమలాపురంలో టీచరు. అత్త మంచాన పడితే సెలవు పెట్టి వచ్చి ఒళ్లు తుడిచింది, దుప్పట్లు ఉతికింది, కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి కాళ్లకి రాసింది అంతా ప్రసన్నే. ఆ నూనె రాస్తుంటే అత్త కళ్లు తెరిచేది.

"వచ్చేవా ఝాన్సీ?"

"నేనత్తా. ప్రసన్నని."

"నువ్వా..." అని గోడవైపు తిరిగిపోయేది.

ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. సమాధుల దగ్గర కూడా చుట్టాలందరూ ఫోన్లో ఏడుస్తున్న ఝాన్సీనే ఓదార్చేరు. శవపెట్టె పక్కన నిలబడ్డ ప్రసన్నతో, ఫోను కాస్త పైకెత్తి పట్టుకోమన్నారు.

"వీలునామా మీద దావా వేద్దామండి," అన్నారు ఎబినేజర్ గారు. "కానీ ఝాన్సీ గారు వచ్చేలోగా ఇల్లు మీ స్వాధీనంలో ఉంటే మనకి బలం. సామానుతో వెళ్లి ఉండిపోండి."

అందుకే వచ్చింది.

పక్కింటి సత్యవతి తాళంచెవి తెచ్చింది గానీ, వెంటనే ఇవ్వలేదు.

"ఒక్కరే ఉంటారాండీ టీచర్ గారూ?"

"ఆయ్. ఏం?"

"సందె పడితే లోపల్నించి పిలుపు వినబడుతోందండి. మా ఆయన కూడా విన్నారు."

"ఎవర్ని పిలుస్తోంది?"

సత్యవతి తల దించుకుంది. "ఝాన్సీ గారినండి."

ప్రసన్నకి భయం వెయ్యలేదు. విసురుగా తాళంచెవి లాక్కుంది. చచ్చాక కూడా దాన్నేనా?

తాళం తీసింది. మూసిన ఇంటి ముక్కవాసన మొహానికి కొట్టింది. గదులు ఊడ్చి, చావడిలో చాప పరిచి, తన చీరలు అత్త బీరువాలో సర్దింది. ఝాన్సీ ఫొటో గోడమీంచి తీసి బోర్లా పెట్టింది. అంతలో వాన మొదలైంది. పెంకుల మీద ముందు టపటపా, తర్వాత ఏకధారగా. కరెంటు పోయింది. సాయంత్రం ఇంకా వెళ్లకుండానే ఇంట్లో చీకటి చిక్కబడింది. చూరు నీళ్లు కాలవలోకి జారుతున్న చప్పుడు. దూరంగా చర్చి గంట.

ఆ చప్పుళ్ల మధ్య నవారు మంచం కిర్రుమంది.

అత్త గదిలోంచి.

ప్రసన్న అటు తిరిగింది. కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె వాసన, గోరువెచ్చగా, అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు...

"ఝాన్సీ..."

సన్నగా, గొంతులో తడి లేకుండా. ఆ గొంతే.

పారిపోదామనుకుంది. కాళ్లు మాత్రం గది గుమ్మం దాకా తీసుకెళ్లేయి. లోపల ఏమీ కనబడలేదు.

"ఝాన్సీ రాలేదత్తా," అంది గుసగుసగా. "నేనున్నాను. ప్రసన్నని."

లోపల ఒక నిట్టూర్పు. మంచం మీద ఎవరో గోడవైపు తిరిగిన చప్పుడు.

ప్రసన్న కళ్లలో నీళ్లు తిరిగేయి. ఇంకెవరికీ ఇన్ని దుప్పట్లు ఉతకలేదు తను. ఇంకెవరి ఎంగిలీ ఎత్తలేదు. ఒక్కసారి... ఒక్కసారి ఆ ఝాన్సీతో అత్త ఎలా మాట్లాడుతుందో వినాలనిపించింది.

"ఝాన్సీ..." అంది మళ్లీ ఆ గొంతు.

"ఆయ్ అత్తా. ఝాన్సీనే. వచ్చేను."

మంచం గబుక్కున కదిలింది. "వచ్చేవా నా తల్లీ! రా... దగ్గరికి రా."

మోకాళ్ల మీద కూర్చుంది. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి తల మీద పడింది. చల్లగా ఉంది. తడిమట్టిలా బరువుగా ఉంది. అయినా ఎంత ప్రేమగా నిమిరిందని! అంతటి భయంలోనూ ప్రసన్నకి ఏడుపు ఆగలేదు. ఇంతకాలం ఝాన్సీకి దక్కింది ఇదా?

అడక్కుండా ఉండలేకపోయింది.

"అత్తా... మరి ప్రసన్నో?"

"అది వంటింట్లో ఉంది కదే," అంది అత్త. "నూనె కాస్తోంది."

వంటింట్లో గిన్నె కదిలింది.

ప్రసన్న కదల్లేదు. గరిటె గిన్నె అంచుకి తగిలింది. మూత పడింది. తర్వాత అడుగులు. పొట్టి మనిషివి, మడమలు బరువుగా వేసేవి. నడవలోకి వచ్చేయి. నూనె వాసన దగ్గరయింది. తలుపు కర్టెన్ అటునించి ఎవరో పక్కకి లాగుతున్నారు...

జుట్టు ఆ వేళ్లలోంచి విడిపించుకుని, ఆ గదిలోంచి పెరట్లోకున్న తలుపు తోసుకుని, వానలో పడి పరిగెత్తింది. సత్యవతి ఇంటి తలుపు రెండు చేతులతో బాదింది.

సత్యవతి టార్చి వేసి మొహంలోకి చూసింది. ఆవిడ కళ్లు పెద్దవయ్యేయి. తర్వాత నవ్వింది.

"ఎప్పుడు దిగేరండీ ఝాన్సీ గారూ? ఒక్క మాట చెప్పకుండా... తడిసిపోయేరు, లోపలికి రండి."

"నేను, సత్యవతీ... ప్రసన్నని."

"అదేంటండీ?" సత్యవతి జాలిగా చెయ్యి పట్టుకుంది. "అక్కగారు ఇంట్లోనే ఉన్నారు కదండీ. అరుగో."

ప్రసన్న వెనక్కి తిరిగింది. అత్త గది కిటికీలో దీపం వెలుగుతోంది. మంచం చివర ఒక పొట్టి ఆవిడ అటు తిరిగి కూర్చుని, వంగి, ఎవరి కాళ్లకో నూనె రాస్తోంది.

వాన కాస్త తెరిపిచ్చింది. ఆ గదిలోంచి అత్త గొంతు కంచె దాటి స్పష్టంగా వినబడింది.

"ప్రసన్నా... నా తల్లీ..."

ప్రసన్న పెదవులు కదిలేయి.

"ఆయ్ అత్తా," అని లోపలున్నావిడ పలికింది.