నాలుగు పాదాల అరుగు

గౌరీపతి మాస్టారు పిట్టగోడ మీదుగా నడుచుకుంటూ ఆటశాలకు బయలుదేరారు. వీధి రద్దీగా ఉన్నప్పుడు విశాఖలో అందరూ చేసే పనే అది. గోడ వెడల్పు జానెడు. ఎదురుగా పూలబుట్టతో ఒకామె వచ్చింది. ఇద్దరూ చెరో కాలి మీద నిలిచి, కొంగు కూడా తగలకుండా తప్పుకున్నారు. చీలమండల దగ్గర నిలకడ కడియాలు సన్నగా గుర్రుమన్నాయి, అంతే.

కడియం వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఒంటి బరువు ఎటు ఒరగబోతోందో ముందే పసిగట్టి, పిక్కకు చిన్న చురక వేసి మనిషిని నిలబెడుతుంది. అప్పటి నుంచి ఊళ్ళో జారిపడ్డవాళ్ళు లేరు. మెట్లకు కటకటాలు పోయాయి, బస్సుల్లో పట్టుకునే కడ్డీలు పోయాయి. మాస్టారి తల్లి తొంభయ్యో ఏట కూడా డాబా ఎక్కి కాకులకు అన్నం పెట్టేది. ఆ మేలు ఆయన మరచిపోలేదు.

ఒకటే చిక్కు. కడియానికి తెలిసింది ఒక్క ఒళ్ళే. పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుంటే దాన్ని తోపు అనుకుని ఎదురు లాగుతుంది. అందుకని తాకకుండా నడవడం ముందు జాగ్రత్తయి, తరవాత మర్యాదయి, ఇప్పుడు అలవాటైపోయింది.

ఆటశాలలో ఎనభైమంది దాకా ఉన్నారు. ఈ మధ్యాహ్నం పన్నెండింటికి 'సుడిరక్కసి' ఆటను శాశ్వతంగా మూసేస్తున్నారు. పదకొండేళ్ళలో ఎవరూ చివరి పోరు గెలవలేదు. మూడు నిలువుల ఎత్తు కంబం, దాని మీద పీటంత అరుగు, అరుగు మీద ఇద్దరు ఆటగాళ్ళు, చుట్టూ రక్కసి. కంటిపొర తగిలించుకుంటే ఆమె కనిపిస్తుంది. ఆమె విసిరే గాలి మాత్రం నిజమైనదే, గోడల్లోని పంకాల నుంచి వస్తుంది. పడితే కింద దూదిమడుగు.

ఆ పోరును రూపొందించింది మాస్టారి భార్య ఇందుమతి. ఆమె పోయి ఎనిమిదేళ్ళు. గెలిచినవాళ్ళకు ఏదో వినిపించేలా చివర్లో దాచిపెట్టానని చెప్పింది గానీ, అదేమిటో చెప్పలేదు. "కంపెనీకి సంతకం పెట్టాను, మొగుడికి కూడా చెప్పకూడదట! నువ్వే ఎక్కి చూడు, నీకు తెలుస్తుంది," అని నవ్వింది. ఆమె ఉండగా తీరిక లేక రాలేదు, పోయాక ధైర్యం చాలక రాలేదు. ఇవాళ రాకపోతే ఆమె దాచింది ఆటతో పాటే చెరిగిపోతుంది.

దూదిమడుగులోంచి ఒక అమ్మాయి లేచి, జుట్టులో చిక్కుకున్న దూది దులుపుకుంది. లోవకుమారి. ఊళ్ళో ఆమెను మించిన ఆటకత్తె లేదు. ఒకప్పుడు మాస్టారి దగ్గర ఫిజిక్సు చదివింది.

"నలభై ఒకటోసారి!" అని అరిచింది. "నా జోడీగాడు పారిపోయాడు. ఎవులైనా వస్తారేటి? ఇంక పావుగంటే ఉంది!"

"నేను రానా అమ్మా?"

లోవ తిరిగి చూసి నోరు తెరిచింది. "ఒలమ్మో, మాస్టారు! ఇది బోర్డు మీద సుద్దముక్కతో ఆడేది కాదండి బాబూ."

"నీ మార్కులు నాకింకా గుర్తున్నాయి లోవా. పద."

జనం గొల్లున నవ్వారు. ఆటశాల నడిపే సింహాద్రి ఇద్దరికీ వెలుగు ఈటెలు అందించాడు.

అరుగు మీద అందరిలాగే వీపులు ఆనీ ఆనకుండా బయటికి తిరిగి నిలబడ్డారు. రక్కసి లేచింది. జడలు జడలుగా ఎర్రటి దుమ్ము, గడియారపు ముల్లు తిరిగే వైపే తిరుగుతూ, గిర్రున. లోవ ఈటె ఆమెలోంచి పొగలోంచి పోయినట్టు పోయింది. మాస్టారు రక్కసిని చూడటం లేదు. ఆయన చూపు కాళ్ళ దగ్గరే ఉంది. రాతి మీద నాలుగు పాదాల గుర్తులు అరిగిపోయి ఉన్నాయి. రెండు ఇటు, రెండు అటు. వేళ్ళు మాత్రం బయటికి కాదు, లోపలికి. ఎదురెదురుగా.

భుజాలు తగిలాయి. రెండు కడియాలూ ఒకదాని మీద ఒకటి పంతానికి పోయాయి. ఇద్దరూ దూదిలో పడ్డారు.

"చూశారా! తాకితే ఇంతేనని తెల్దేటి?"

"ఆ పాదాల గుర్తులు ఎందుకు?"

"ముగ్గులాటివి. అందానికి."

మాస్టారికి చటుక్కున గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య, ఇందుమతి ఆయన చేతులు అడ్డంగా పట్టుకుని బలవంతాన తిప్పింది. ఆడపిల్లల ఆట నాకెందుకని ఆయన సిగ్గుపడితే, "పడితే ఇద్దరం పడతాంలే," అంది.

"లోవా, ఒప్పులకుప్ప ఎప్పుడైనా ఆడావా?"

"మాయమ్మ ఆడేదట. కడియాలతో ఆడితే చెయ్యి ఊడొస్తాది."

"కడియాలు తీసేద్దాం."

సింహాద్రి గబగబా వచ్చాడు. "మాస్టారూ, వద్దండి. నాను పుట్టీసరికే అందరికీ కడియాలున్నాయి. అవి తీసి మనిషి ఎలా నిలబడతాడో నాకు తెల్దు."

"తీయకూడదని నియమం ఉందా?"

సింహాద్రి ఆలోచించాడు. "నేదు. అలాటి ఆలోచన ఎవులికీ రానేదు."

ఇద్దరూ కడియాలు విప్పి సింహాద్రి చేతికిచ్చారు. ఆరు నిమిషాలు మిగిలాయి. నిచ్చెన ఎక్కుతుంటే లోవ కాళ్ళు లేగదూడ కాళ్ళలా వణికాయి. నలభై రెండుసార్లు భయం లేకుండా ఎక్కిన మెట్లే అవి.

"వేళ్ళకు వేళ్ళు ఆనించు. ఈటె పారెయ్. కుడిచేత్తో నా కుడిచెయ్యి, ఎడమతో ఎడమ. గట్టిగా పట్టుకో. ఇప్పుడు వెనక్కి ఒరుగు."

"వెనకాల ఏటీ నేదండీ!"

"ముందు నేనున్నాను. నువ్వు ఒరిగితేనే నేను నిలబడతాను. ఇద్దరం ఒరిగితే ఇద్దరం నిలుస్తాం. నువ్వు పరీక్షలో తప్పిన పాఠమే ఇది."

లోవ కళ్ళు మూసుకుని ఒరిగింది. ఆయనా ఒరిగారు. పీటంత అరుగు మీద నాలుగు పాదాలు, దాని అంచు దాటి గాల్లోకి రెండు ఒళ్ళు. నిలిచాయి!

రక్కసి లేచింది. "ఆమె తిరిగేదానికి ఎదురు తిరుగు!" అని మాస్టారు కేక పెట్టారు. అడుగు, అడుగు, చిన్న అడుగు. గాలి చెంపలు వాయించింది. కళ్ళజోడు ఎగిరిపోయింది. జనం ముఖాలు గీతలైపోయాయి. లోవ కేకలు పెడుతోంది. భయంతో మొదలైన కేక మధ్యలో ఎక్కడో నవ్వుగా మారింది. ఎర్ర జడల్లోంచి ఒక పోగు విడిపోయింది. తరవాత రెండు, తరవాత పది. ఇన్నాళ్ళూ ఈటెలకు తెగని రక్కసి, చుట్టిన దారపు ఉండ విప్పినట్టు పోగు పోగుగా విచ్చుకుపోయింది.

"తిప్పండి మాస్టారూ, తిప్పండి!" సింహాద్రి కింద గంతులు వేస్తున్నాడు.

చివరి పోగు జారిపోయింది. పంకాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో, ఎక్కడో పైనుంచి, కొంచెం ఆయాసపడుతూ ఒక గొంతు వినిపించింది.

"గెలిచారు! చేతులు మాత్రం ఒక్కసారిగా వదిలేయకండి. నెమ్మదిగా ఆగండి. తల తిరుగుడు తగ్గేదాకా పట్టుకునే ఉండండి."

అంతే. ఇందుమతి గొంతు. డాబా మీద ఆనాడు తిప్పడం ఆపుతూ అన్న మాటే. మాస్టారు నెమ్మదిగా ఆగారు. ఆయన కళ్ళు తడిశాయి. లోవ చూసింది. చేతులు వదల్లేదు.

పన్నెండు కొట్టింది. అరుగు దానంతటదే చీకటైపోయింది.

సింహాద్రి కడియాలు తెచ్చి ఇచ్చాడు. మాస్టారు తనది జేబులో వేసుకున్నారు. లోవ తనది కాసేపు అరచేతిలో తిప్పి, అలాగే పట్టుకుంది. బయటి మెట్లు బెత్తెడేసి వెడల్పు, పట్టుకోవడానికి ఏమీ లేదు. మొదటి మెట్టు దగ్గరే ఆమె ఆగిపోయింది.

"మాస్టారూ, నడక నేర్చినప్పుడు కూడా నన్నెవులూ పట్టుకోనేదట. కడియమే పట్టుకుందట. మాయమ్మ గొప్పగా చెప్పీది." ఆమె చెయ్యి చాపింది. "కిందికెళ్ళే వరకూ వదిలీకండి. నాకు బయం."

"నాకూ భయమేనమ్మా," అన్నారు మాస్టారు సంతోషంగా.

ఇద్దరూ ఒక్కొక్క మెట్టే దిగసాగారు. వెనకాల ఎనభైమంది దారి కోసం ఆగి, ఎవరూ విసుక్కోకుండా చూస్తున్నారు. ఇంతలో మెట్ల మీద ఠక్కున ఒక చప్పుడు. ఎవరో వంగి కడియం విప్పుతున్నారు.