బకెట్లలో దాచిన కలుపు

వారానికి ఒక్కటే సెలవు. ఆ ఒక్క ఉదయం కూడా కోడలికి ఎండిన మొక్కలు పీకడంతోనే మొదలైంది. నర్సరీ నుంచి తెచ్చి నాటినవి చచ్చిపోవడం ఇది మూడోసారి. ఆసుపత్రిలో నర్సు పని, రోజంతా మందుల వాసన, రోగుల మూలుగులు. ఇంటికొచ్చాక పెరట్లో నాలుగు సీతాకోకచిలుకలు ఎగిరితే చాలనుకుంది. ఆ మాత్రం కోరికకు కూడా నోచుకోలేదు.

భర్త టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డాడు. బస్సుల మెకానిక్కు, మాట కటువే గాని మనసు మంచిది.

"ఆదివారం మేస్త్రీని రమ్మన్నాను. సిమెంటు పోయించేద్దాం. మొక్కలెలాగూ బతకట్లేదు, నీ ఒళ్లైనా మిగలనీ."

కోడలికి వాదించే ఓపిక లేదు. ఫోన్లో చూసిన వీడియోలన్నీ ఎక్కడెక్కడి మట్టివో. నిన్న లైబ్రరీలో విత్తనాలు పంచే ఆవిడను అడిగితే, "మీ వీధిలో పాతకాపులెవరో వాళ్లనడగండి, ఈ నేలకేది నప్పుతుందో వాళ్లకే తెలుస్తుంది" అని పంపేసింది. తప్పించుకోవడానికి అలా అందనుకుని చిరాకుపడుతూ ఇంటికొచ్చింది.

చీపురు కోసం స్నానాల గది వెనక్కి వెళ్లిన కోడలు అక్కడే ఆగిపోయింది. నీళ్ల డ్రమ్ము చాటున మూడు పగిలిన బకెట్లు. వాటిలో తను కలుపని పీకి పారేసిన జిల్లేడు మొక్కలు ఏపుగా ఎదిగి ఉన్నాయి. ఆకుల నిండా చారల గొంగళిపురుగులు.

"అత్తయ్యా, ఇదంతా మీ పనేనా? నేను పీకడం, మీరు తెచ్చి నాటడం. పురుగులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని తల బద్దలు కొట్టుకుంటున్నాను."

గోడ పక్కనే పెట్టుకున్న, పురుగులకు కొట్టే సబ్బునీళ్ల సీసా ఎత్తింది. అత్తగారు వచ్చి బకెట్లకు అడ్డంగా నిలబడింది.

"ఆ సీసా దించమ్మా. నీక్కావలసిన సీతాకోకచిలుకలు అవే. ఇంకా రెక్కలు రాలేదు, అంతే."

కోడలి చెయ్యి కిందికి జారింది. ప్రతి వారం క్రమం తప్పకుండా తన మొక్కల మీద సబ్బునీళ్లు కొట్టింది ఇలాంటి పురుగులకే.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మొదట్లో చెప్పాను. 'నాకు తెలుసులెండి' అన్నావు. అలిసిపోయి వస్తావు, నీతో వాదన దేనికని ఇక్కడ దాచుకున్నాను."

ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ వీధిలోనే ఉన్న మనిషి. ఊరంతా తిరిగి అడిగింది గాని, రోజూ తనకు అన్నం వడ్డించే ఈవిడను ఒక్క మాట అడగలేదు. సిగ్గుతో కోడలి కళ్లు నిండాయి. సీసాలో నీళ్లు మోరీలో పారబోసి, తడి గచ్చు మీదే కూలబడింది.

గుమ్మంలోంచి అంతా విన్న భర్త ఫోను తీశాడు. "మేస్త్రీ, ఆదివారం రావద్దులే. పెరట్లో మా అమ్మకు పనుంది."

"ఇంకా ఏమేం పీకేశానత్తయ్యా?" అని అడిగింది కోడలు.

అత్తగారు మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఆమె పక్కనే కూర్చుంది.

"ముందు టీ తాగు. ఒక్క పూటలో చెప్పేవి కావు."