పేరు దాచే నంబర్

మిర్యాలగూడ. పొద్దున ఏడు గంటలకు రైస్ మిల్లు గోదాములో శవం దొరికింది.

వడ్లు తూచే కాంటా ఆపరేటర్ సత్తయ్య. తల పగిలింది. ఒంటి మీద పదిహేను వడ్ల బస్తాలు.

"వరుస కూలిందండీ. యాక్సిడెంట్" అన్నాడు మేనేజర్ ప్రవీణ్. కోదాడ మనిషి.

సీఐ దేవిక బస్తాలు తీయించింది. వాటి కింద నేలను చాలాసేపు చూసింది.

సత్తయ్య భార్య కొమురమ్మ గోదాము గడపలో కూర్చుంది. ఏడవలేదు.

"గిట్లనే యాక్సిడెంటని రాసి ఖతం చేస్తరా మేడం?"

"ఎవరి మీదైనా అనుమానమా?"

"రైతుల వడ్లు కాంటాల గుంజుతున్నరని మొన్న మిల్లు నంబర్‌కు ఫోన్ చేసిండు. నా పేరు చెప్పకున్రి అని బతిలాడిండు."

దేవిక ఓనర్ ప్రేమలతను, ప్రవీణ్‌ను, హమాలీల మేస్త్రి భద్రును గోదాములోనే నిలబెట్టింది.

"భద్రూ, కాంటా మోసం నీకు తెలుసా?"

"తెల్సు మేడం."

"చెప్పలేదేం?"

"చెప్పినోడు గాడ పండిండు. సూస్తలేరా?"

దేవిక ఓనర్ వైపు తిరిగింది. "మోసం కనబడితే చెప్పండి, పేరు దాస్తాం అని గేటు మీద రంగులేసి రాయించారు. ఆ ఫోన్ ఎవరి దగ్గరుంటుంది?"

ప్రేమలత మేనేజర్ వైపు చూసింది. "ప్రవీణ్ దగ్గరనే."

"ఫోనొస్తే మనిషిని చంపేస్తానా అండీ? బస్తాలు పడ్డాయి, మీరే చూశారు!"

"చూశాను. అంత ఎత్తు నుంచి పదిహేను బస్తాలు పడితే ఒక్కటీ పగల్లేదు. ఒక్క గింజ రాలలేదు."

"పొద్దున్నే ఊడ్పించానండీ."

"బస్తాల కింద కూడా ఊడ్పించావా?"

ప్రవీణ్ పిడికిళ్లు బిగించాడు.

"అవి పడలేదు. కొట్టి చంపాక ఒక్కొక్కటే తెచ్చి మీద పెట్టావు. మోత అలవాటు లేనోడివి. చేతులు చూపించు."

చూపించలేదు. కానిస్టేబుల్ పిడికిళ్లు విప్పాడు. గోనె రాపిడికి రెండు అరచేతులూ తోలు లేచి ఉన్నాయి.

భద్రు కాండ్రించి నేల మీద ఉమ్మాడు. "మా పని గూడ నేర్సినవా సారూ? కూలి ఇయ్యాల్నా?"

బేడీలు పడ్డాయి. దేవిక కాగితం తీసింది.

"కొమురమ్మా, కంప్లైంట్ నీ పేరు మీద రాయనా? భయమైతే వేరేవాళ్ల పేరు మీద రాస్తా."

కొమురమ్మ లేచి ప్రవీణ్ ఎదురుగా నిలబడింది. వాడి కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"నాదే రాయున్రి. పెద్దగ రాయున్రి. జైల్ల వీడు దినాం నా పేరే సదువుకోవాలె."